పన్నెండు రోజుల కాశీ యాత్ర: మా భీముణ్ణి ఎక్కడ వదలాలి?

భీముడి నాన్న (కూకట్‌పల్లి) | నవంబరు 18

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏడేళ్ల ల్యాబ్రడార్ ఉన్నాడు. పేరు భీముడు, బరువు 36 కిలోలు, తిండి పేరుకు తగ్గట్టే. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. మేం ఊరెళ్లినప్పుడల్లా మా చెల్లెలు వచ్చి ఇంట్లో ఉండేది. బావగారికి పుణె బదిలీ కావడంతో ఆ ఆసరా పోయింది.

మా అమ్మకు 74 ఏళ్లు. కాశీ తీసుకువెళ్తానని మాట ఇచ్చి ఆరేళ్లయింది. ఈ ఉదయం ఎనిమిదింటికి రిజర్వేషన్ తెరవగానే దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసేశాను. జనవరి 17న ప్రయాణం, 28న తిరిగి రావడం. టికెట్లు చేతికి వచ్చాక గానీ భీముడి సంగతి గుర్తుకు రాలేదు, సిగ్గుగానే ఉంది.

వాడికి థైరాయిడ్ మాత్ర ఉదయం, సాయంత్రం పరగడుపున వేయాలి. చెవులు తరచూ చీము పడతాయి. ఇప్పటికి రెండు చోట్లు నా దృష్టికి వచ్చాయి. ఒకటి మొయినాబాద్ వైపు తోటలో ఉంది, ఫొటోల్లో పచ్చిక, ఈత కొలను, రోజుకు 700. రెండోది మియాపూర్‌లో ఒకావిడ తన ఇంట్లోనే ఉంచుకుంటారట, 900. ఏం చూసి ఎంచుకోవాలి?

మిరపకాయ బజ్జీ (గుంటూరు) | నవంబరు 18

కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో ఒకటి వదిలి రావాలంటారు. మీరు ఇక్కడే వదిలేసి బయలుదేరుతున్నారు కాబట్టి అక్కడ ఆ పని తప్పినట్టే.

సరదాకు అన్నాను, ఏమీ అనుకోకండి. దూరపు బంధువుల్లో ఖాళీగా ఉన్న కుర్రవాడు ఎవరైనా ఉంటే ఇంట్లో పెట్టి వెళ్లండి. కుక్కకు ఇల్లు మారదు, మీ ఇంటికి కాపలా ఉంటుంది.

భీముడి నాన్న | నవంబరు 19

ఉన్నాడండీ ఒకడు. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు భీముణ్ణి చూసి గంటసేపు మంచం దిగలేదు.

లక్కీ వాళ్లమ్మ (మియాపూర్) | నవంబరు 19

పచ్చిక ఫొటోలు చూసి పడిపోకండి. నేను పడ్డాను.

మూడేళ్ల క్రితం ఊరి చివర తోటలో మా లక్కీని తొమ్మిది రోజులు వదిలాం. గేటు దగ్గరే గొలుసు అందుకున్నారు. లోపల చూస్తామంటే, కొత్త మనుషులు కనిపిస్తే మిగతా కుక్కలు అరుస్తాయని చెప్పారు. నిజమే కాబోలు అనుకుని వెనక్కి తిరిగాను. రోజూ ఒక ఫొటో పంపేవారు. చూసి మురిసిపోయేదాన్ని. ఇంటికి వచ్చాక ఒక రాత్రి ఆ ఫొటోలన్నీ వరుసగా చూస్తే, తొమ్మిదింటిలో ఆరింటిలో లక్కీ వెనక ఒక నీలం బకెట్టు బోర్లా పడి ఉంది. అదే కోణం, అదే ఎండ, బకెట్టు మీద అదే కాకి రెట్ట. ఒకే ఉదయం తీసి దాచుకుని రోజుకొకటి పంపారన్నమాట.

వచ్చిన తొమ్మిదో రోజు జ్వరం. చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 31 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సాధారణంగా రెండు లక్షలకు పైనే ఉంటాయట. గోమార్లు కుడితే అంటే ఎర్లిషియా అనే జబ్బన్నారు. డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు మింగించాం. ఇప్పుడు బాగుంది, కానీ ఆ నెల రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. కుక్క పడుకునే గది చూపించని చోట కుక్కను వదలకండి. ఆఫీసు గది కాదు, పచ్చిక కాదు, పడుకునే గది. గోడ పగుళ్లు చూడండి. గోమార్లు అక్కడే గుడ్లు పెడతాయి.

పశువైద్యుడు (కరీంనగర్) | నవంబరు 19

లక్కీ వాళ్లమ్మ గారు చెప్పిన తేదీలు సరిగ్గా సరిపోతాయి. ఎర్లిషియా మోసే గోమారు కుట్టాక ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం బయటపడుతుంది. అందుకే చాలామందికి అది బోర్డింగ్‌లో అంటిందని తట్టనే తట్టదు, ఇంటి దగ్గర పట్టిందనుకుంటారు.

భీముడి నాన్న గారూ, మీకు ఇంకా రెండు నెలలు ఉంది, అది మంచిది. రేబిస్ టీకా, ఏడు జబ్బుల టీకా గడువులో ఉన్నాయో లేదో పుస్తకం తీసి చూడండి. లెప్టోస్పైరా అనే జబ్బును మరిచిపోకండి, ఎలుకలు తిరిగే చోట, నీళ్లు నిలిచే చోట అది వస్తుంది. కెన్నెల్ దగ్గుకు, అంటే కుక్కలను గుంపుగా ఉంచే చోట అంటుకునే దగ్గుకు, విడిగా టీకా ఉంది. ముక్కులో వేసే రకమైతే ఒక్క మోతాదు చాలు, సూది రకమైతే మొదటిసారి రెండు మోతాదులు, మధ్య కొన్ని వారాల వ్యవధి కావాలి. ప్రయాణం రోజు పొద్దున పరుగెత్తుకొచ్చి వేయమనేవాళ్లు నా దగ్గరికి ప్రతి పండగకూ వస్తారు. అది వంట్లో పని చేయడానికి వ్యవధి పడుతుందని చెబితే నా మీద కోపం. టీకా వేసినా దగ్గు అసలు రాదని కాదు, వస్తే తేలికగా పోతుంది.

గోమార్ల మాత్ర బయలుదేరే వారం ముందే వేయండి. సాధారణంగా నెల రోజులు పని చేస్తుంది.

ఇంకొకటి. ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇవ్వండి: నేను అందుబాటులో లేకపోతే ఫలానా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లవచ్చు, ఇంత మొత్తం వరకు నన్ను అడగకుండా ఖర్చు పెట్టవచ్చు అని. అర్ధరాత్రి కడుపు ఉబ్బిన కుక్కను తెచ్చి, యజమాని ఫోను ఎత్తడం లేదు, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా వద్దా అని నిలబడిపోయిన కుర్రవాణ్ణి నేను చూశాను.

టామీ బాబాయి (విజయవాడ) | నవంబరు 20

డాక్టరు గారి మాటకు నా తోక తగిలిస్తాను.

తోటలో వద్దు, ఇంట్లో ఉంచుకునేవాళ్లే మేలని మేమూ ఒకావిడ దగ్గర వదిలి తిరుమల వెళ్లాం. ఆవిడ బంగారం లాంటి మనిషి, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ పార్సెల్ తెచ్చిన అబ్బాయికి తలుపు తీశారు, టామీ ఆవిడ కాళ్ల సందులోంచి దూసుకుపోయాడు. మూడు అంతస్తుల మెట్లు, కింద గేటు బార్లా.

టామీ మెడబిళ్ల మీద నా నంబరు చెక్కించి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు బిళ్ల చూసి ఏడుసార్లు చేశాడు. నేను ఎక్కడున్నాను? సర్వదర్శనం క్యూలో. ఫోను ఎక్కడుంది? డిపాజిట్ కౌంటర్లో. పదమూడు గంటల తర్వాత బయటికి వచ్చి చూసుకుంటే గుండె ఆగినంత పనైంది. రెండో రోజు రామవరప్పాడు రింగు దగ్గర టిఫిను బండి కింద దొరికాడు, ఇడ్లీలు తింటూ.

కాశీ విశ్వనాథుడి గుడిలోకి కూడా ఫోను తీసుకువెళ్లనివ్వరు. కుక్కను ఎవరి దగ్గర వదులుతారో వాళ్ల నంబరుతో ఇంకో బిళ్ల చేయించి కట్టండి. అరవై రూపాయల పని. ఇంటికైనా కెన్నెల్‌కైనా రెండు తలుపులు ఉన్నాయో లేదో చూడండి: ఒకటి మూశాకే రెండోది తెరుచుకోవాలి.

లక్కీ వాళ్లమ్మ | నవంబరు 20

బాబాయ్ గారూ, మరి ఇంట్లో ఉంచుకునేవాళ్లు మేలంటారా, కెన్నెల్ మేలంటారా? తేల్చి చెప్పండి.

టామీ బాబాయి | నవంబరు 20

తలుపు వేసుకునేవాళ్లు మేలంటానమ్మా.

గొలుసూ గిన్నే | నవంబరు 21

నేను బోర్డింగ్ నడిపేవాణ్ణే. ఊరూ పేరూ చెప్పను, బేరం కోసం రాలేదు. పదకొండేళ్ల నుంచి ఇదే బతుకు.

మీరెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. "పండగకు మీ దగ్గర పనివాళ్లు ఎవరుంటారు?" జనమంతా కుక్కలను మాకు వదిలి సొంత ఊళ్లకు వెళ్లేది సంక్రాంతికి. మా కుర్రవాళ్లూ మనుషులే, వాళ్లకూ సంక్రాంతే. మామూలు రోజుల్లో పది కుక్కలకు ముగ్గురు ఉండే చోట, ఆ వారం ఇరవై రెండు కుక్కలకు ఒక్కడు మిగులుతాడు. భీముడి నాన్న గారు 17న వదులుతామంటున్నారు. శ్రీకాకుళం వెళ్లిన కుర్రవాడు 17కు తిరిగి వస్తాడా, ఇరవయ్యో తారీఖుకు వస్తాడా? అది అడగండి.

రెండోది, రాత్రి ఎవరు పడుకుంటారు? కెమెరాలు పన్నెండున్నాయని చెప్పేవాణ్ణి నమ్మకండి. కుక్కకు రాత్రి రెండింటికి వాంతి అయితే కెమెరా చూస్తూ ఉంటుంది, అంతే.

ఇక మా గోడు కూడా వినండి. "మావాడు ఎవరినీ కరవడండీ" అన్న ప్రతి పది మందిలో ముగ్గురి కుక్కలు కరుస్తాయి. నా ఎడమ చేతికి పదిహేడు కుట్లు, ఆ కుక్క పేరు శాంతి. ఎదకు వచ్చిన ఆడకుక్కను చెప్పకుండా దించి వెళ్లేవాళ్లున్నారు, ఆ రాత్రి మగకుక్కల గోల మీరు ఊహించలేరు. నాలుగు రోజులని వదిలి నలభై రోజులు ఫోను ఎత్తనివాళ్లూ ఉన్నారు. అలా వదిలేసిన రెండు కుక్కలు ఇప్పుడు మా ఇంటివే. అందుకే అడ్వాన్సు, ఆధార్ నకలు అడుగుతాం. అడిగితే అవమానపడకండి. అసలు ఏమీ అడగనివాణ్ణి చూసి భయపడండి.

రమణి (రెడింగ్, ఇంగ్లండు) | నవంబరు 21

ఇక్కడి సంగతి చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంగ్లండులో 2018 నాటి నిబంధనల ప్రకారం కుక్కలను ఉంచుకుని డబ్బు తీసుకునేవాళ్లు, కెన్నెలైనా సొంత ఇల్లైనా, స్థానిక కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. తనిఖీకి మనిషి వచ్చి చూసి ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ఇస్తారు. ఎక్కువ నక్షత్రాలుంటే లైసెన్సు మూడేళ్లు, తక్కువైతే ఏడాదికే మళ్లీ తనిఖీ. ఇంట్లో ఉంచుకునేవాళ్లు వేర్వేరు ఇళ్ల కుక్కలను కలిపి ఉంచాలంటే ప్రతి యజమాని దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

ఆ చివరి నియమం మనకు చట్టంలో అక్కర్లేదు, నోటితో అడిగినా చాలు: "మావాణ్ణి ఎవరితో కలుపుతారు? కలిపినప్పుడు ఎవరు నిలబడి చూస్తారు?"

అయిదు నక్షత్రాల చోటే మా మోతీని వదిలి హైదరాబాదు వచ్చాం. అంతా నియమం ప్రకారమే జరిగింది, ఒక్క లోటూ పట్టలేను. కానీ నాలుగు రోజులు అది ముద్ద ముట్టలేదు. నక్షత్రాలు చూసి కుక్క తినదు కదా.

వేణు_వరంగల్ | నవంబరు 22

రైల్లో వెంట తీసుకువెళ్తే సరిపోతుంది కదా? కుక్కలను అనుమతిస్తారట.

మిరపకాయ బజ్జీ | నవంబరు 22

ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున ఉంటేనే అనుమతిస్తారు, లేదంటే గార్డు దగ్గర బ్రేక్ వ్యానులో పెట్టెలో పంపాలి. పోనీ కూపే దొరికిందే అనుకోండి. కాశీ సందుల్లో ఎద్దులూ, అక్కడి కుక్కలూ, మధ్యలో 36 కిలోల భీముడూ, భీముడి నాన్న గారి అమ్మగారూ. ఆలోచించండి.

భీముడి నాన్న | డిసెంబరు 2

ఆలస్యానికి మన్నించండి. మూడు చోట్లు చూసి వచ్చాను. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని, ముందుగా చెప్పకుండా వెళ్లాను.

తోట: మంగళవారం పదకొండింటికి చేరాం. కొలనులో నీళ్లు లేవు, ఎండుటాకులున్నాయి. పడుకునే గదులు చూడాలంటే కుర్రవాడు ఎవరికో ఫోను చేసి అనుమతి అడిగాడు. లోపల అడుగుపెట్టగానే ఫినాయిలు వాసన ముక్కు పగలగొట్టింది. అంత ఫినాయిలు ఎందుకు పోశారో మా అమ్మే అంది: "దేన్నో కప్పెట్టడానికిరా." రాత్రి ఎవరుంటారని అడిగితే, "ఎనిమిదింటికి తాళం వేసి వెళ్తాం సార్, కెమెరా ఉంది కదా" అన్నాడు. వెనక్కి వచ్చేశాం.

మియాపూర్ ఆవిడ ఇల్లు: ఆవిడ మంచితనం ముఖంలోనే తెలుస్తుంది. కానీ రెండు గదుల ఇంట్లో అయిదు కుక్కలు, వాటిలో ఒక మగ హస్కీ అందరి మీదా పెత్తనం చేస్తోంది. తలుపు ఒక్కటే. బాబాయ్ గారి ఇడ్లీ బండి గుర్తుకొచ్చింది.

మూడోది నిజాంపేట వెనక సందులో. ఒక మిత్రుడు చెప్పాడు. రేకుల కప్పు, కింద థర్మాకోల్ పలకలు, ఎనిమిదే గదులు. ఫొటో తీసుకోవాలనిపించే చోటు కానే కాదు. రెండు గేట్లు ఉన్నాయి. గోడకు ఒక పెద్ద నల్లబల్ల, దాని మీద సుద్దతో గళ్లు గీసి ఉన్నాయి: కుక్క పేరు, ఉదయం తిండి, సాయంత్రం తిండి, దొడ్డికి, మందు. ఒక గడిలో "బ్రూనో, సగమే తిన్నాడు, పెరుగు కలిపితే మిగతాది" అని రాసి ఉంది. ఆ పెరుగు మాట దగ్గరే నా మనసు కుదిరింది.

నడిపే ఆయన కుటుంబంతో పై గదిలో ఉంటాడు. నేను కాగితం తీసేలోపు ఆయనే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏ మందు, ఎన్నింటికి, ఉరుము వస్తే ఏం చేస్తాడు, తినేటప్పుడు దగ్గరికి వెళ్తే గుర్రుమంటాడా. చివరికి "ఎవరినైనా కరిచాడా?" అన్నాడు. "అబ్బే, లేదండీ" అన్నాను. పక్కనే కూర్చున్న మా అమ్మ, "పాలవాణ్ణి కరిచాడుగా, మరిచిపోయావా?" అంది.

గొలుసూ గిన్నే గారూ, మీ పది మందిలో ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. క్షమించండి.

రోజుకు 850, మందు వేసినందుకు మరో 50. పండగకు ఒక కుర్రవాడు వెళ్తాడట, ఇంకొకడు ఉంటాడట. ఆ వారం ఎనిమిది గదుల్లో ఆరే నింపుతానన్నాడు.

గొలుసూ గిన్నే | డిసెంబరు 2

శాంతి కంటే మీ భీముడు నయమే, పాలవాడి వరకే ఆగాడు.

రెండు గదులు ఖాళీగా ఉంచుతానన్నాడంటే ఆ వారం పదకొండు వేల పైన వదులుకుంటున్నాడు. నేను ఉంచను, నిజం చెబుతున్నాను.

లక్కీ వాళ్లమ్మ | డిసెంబరు 3

పన్నెండు రోజులకు ఒకేసారి దించకండి. ముందు ఒక రాత్రి, తర్వాత రెండు రాత్రులు ఉంచి చూడండి. తిండి మీరే పంపండి, అక్కడి తిండికి హఠాత్తుగా మారిస్తే మొదటి రోజే విరేచనాలు. గిన్నె కూడా ఇంటిదే. మీ వాసన ఉన్న పాత బట్ట ఒకటి, ఉతకకుండా. దించేటప్పుడు వీడ్కోలు సాగదీయకండి. నేను లక్కీని పట్టుకుని ఏడ్చాను, అది నన్ను చూసి వణికింది.

పశువైద్యుడు | డిసెంబరు 3

మాత్రలు రోజువారీగా చిన్న పొట్లాలు కట్టి, తేదీ, పూట రాసి ఇవ్వండి. డబ్బా ఇచ్చి లెక్క పెట్టుకోమనకండి. చెవులు వదిలే ముందు రోజు ఒకసారి చూపించండి.

భీముడి నాన్న | డిసెంబరు 15

మొదటి రాత్రి ఏమీ తినలేదు. నల్లబల్ల మీద "భీముడు, సున్నా" అని ఉంది. దాచకుండా రాసినందుకు సంతోషించాలో, సున్నాకు బాధపడాలో తెలియలేదు. రెండోసారి అమ్మ నూలు చీర ఒకటి పంపాం. కుర్రవాడు పక్కన కూర్చుని తన అన్నం తాను తింటుంటే అప్పుడు తిన్నాడట. మా ఇంట్లోనూ అంతే, అందరం కూర్చుంటేనే తింటాడు. ఆ సంగతి వాళ్లకు చెప్పాలని నాకు తట్టనేలేదు.

మిరపకాయ బజ్జీ | జనవరి 23

యాత్ర ఎలా సాగుతోందండీ? భీముడి కబురేమిటి?

భీముడి నాన్న (వారణాసి నుంచి) | జనవరి 24

పొగమంచు వల్ల రైలు తొమ్మిది గంటలు ఆలస్యం. తిరుగు ప్రయాణమూ ఇలాగే ఉంటే ఒక రోజు ఎక్కువ పడుతుందని నిజాంపేటకు ఫోను చేశాను. గది ఉంటుందన్నాడు. ఇది ముందే అడిగి ఉండాల్సింది.

రోజూ సాయంత్రం నల్లబల్ల ఫొటో పంపుతున్నాడు. లక్కీ వాళ్లమ్మ గారూ, ప్రతి ఫొటోలోనూ నీలం బకెట్టు కోసం వెతుకుతున్నాను, మీ పుణ్యమా అని.

అమ్మ నిన్న గంగలో మునిగి కాకరకాయ వదిలేసింది. ఆవిడకు కాకరకాయ ఎప్పుడూ ఇష్టం లేదు.

భీముడి నాన్న | జనవరి 30

నిన్న ఇంటికి తెచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. బరువు 34.6, అంటే కిలోన్నర దాకా తగ్గాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఎడమ మోచేతి దగ్గర నేల రాపిడికి రూపాయి బిళ్లంత వెంట్రుక ఊడింది. గోమార్లు లేవు, వేళ్ల సందులన్నీ విప్పి చూశాను. జ్వరం మూడు వారాల దాకా బయటపడవచ్చని డాక్టరు గారు చెప్పారు కాబట్టి అన్నాళ్లూ రోజూ చూస్తాను.

26 సాయంత్రం మందు గడి ఖాళీగా ఉంది. అడిగితే కుర్రవాడు తల వంచుకుని మరిచిపోయానన్నాడు. ఆ పొట్లం అలాగే ఉంది, తిరిగి ఇచ్చాడు. యజమాని బిల్లులో 50 తగ్గించాడు. ఇంటికి వచ్చాక అమ్మకు కోపం, మందు మరిచిపోయేవాళ్ల దగ్గర ఇంకోసారి వదలవద్దంటుంది.

గొలుసూ గిన్నే | జనవరి 30

అమ్మగారి కోపం న్యాయమే. కానీ ఆ పొట్లం చెత్తబుట్టలో పడేసి గడిలో టిక్కు పెట్టడానికి అర నిమిషం పట్టదు. అలా పెట్టిన కుర్రవాళ్లను నేను ఇద్దరిని పంపించేశాను.

వేణు_వరంగల్ | జనవరి 31

ఆ నిజాంపేట చోటు నంబరు ఇస్తారా? ఉగాదికి మా రాకీని వదలాలి. చాలా మంచివాడు, ఎవరినీ ఏమీ అనడు.

భీముడి నాన్న | జనవరి 31

విడిగా పంపాను. వెళ్లేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకువెళ్లండి.